కదిలే గొట్టానికీ ఒక లెక్క ఉండాలి

వ్యవసాయ యంత్రాలపై మనం వ్రాసే సిఫారసులలో మోటారు అశ్వశక్తి ఉంటుంది. పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో ఉంటుంది. నాజిల్ రకమూ, పీడనమూ, నడక వేగమూ ఉంటాయి. అయితే యంత్రంలో అటూ ఇటూ కదిలే భాగానికి నీటినీ, నూనెనూ, విద్యుత్తునూ చేరవేసే గొట్టాలు, కేబుళ్ళ సంగతి ఏమిటి? అవి ఎంత పొడవు ఉండాలో, ఎంత వ్యాసార్ధంలో వంగాలో, ఏ చోట బిగించాలో చెప్పే వాక్యం ఆ సిఫారసులలో సాధారణంగా కనిపించదు. ఆ పని బిగించే మెకానిక్ చేతివాటానికి వదలివేస్తున్నాము. నిలకడగా ఉండే పంపుసెట్టుకు ఈ ఉపేక్ష పెద్దగా నష్టం చేయదు. కదిలే యంత్రానికి మాత్రం మొదట దెబ్బ తగిలేది అక్కడే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఉదాహరణలను ఆధారం చేసుకుని, కదిలే సరఫరా మార్గాన్ని కూడా యంత్ర రూపకల్పనలో ఒక భాగంగా పరిగణించి లెక్క కట్టాలనీ, ఆ లెక్కను విస్తరణ సిఫారసులో చేర్చాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

మూడు ప్రాంతాలు, మూడు యంత్రాలు

మదనపల్లె టమాట మార్కెట్ దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో ఒకటి. ఆ పంటకు మొదలు నర్సరీలో ఉన్నది. నేలమడిలో నారు పోసే పద్ధతి తగ్గి, షేడ్‌నెట్ కింద ప్రోట్రేలలో కొబ్బరిపొట్టు నింపి నారు పెంచే నర్సరీలు మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలలో విస్తరించాయి. 90 × 60 సెంటీమీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి సుమారు 7,500 మొక్కలు కావాలి. అంటే 98 గుంతల ట్రేలు 77. ఆ లెక్కన 2,000 ట్రేలు ఉన్న ఒక మోస్తరు నర్సరీలో దాదాపు 26 ఎకరాల పంట నారు రూపంలో ఉంటుంది. ట్రే గుంతలో పట్టే కొబ్బరిపొట్టు పిడికెడు కూడా కాదు. ఎండకాలంలో ఒక పూట తడి తప్పితే నారు వడలిపోతుంది. చేతి పైపుతో నీరు పట్టడానికి మనుషులు దొరకని చోట పట్టాలపై ముందుకూ వెనుకకూ నడిచే నీటి బూమ్‌ను అమర్చుకోవడం ఒక పరిష్కారం. కాని ఆ బూమ్ నడిచినంత దూరమూ నీటి గొట్టం, మోటారు కేబులు వెంట నడవాలి. అవి తెగిన రోజున 26 ఎకరాల నారు మళ్ళీ చేతి పైపు కోసం ఎదురు చూస్తుంది.

రెండవ ఉదాహరణ పుంగనూరు చుట్టుపక్కల ఏ రైతుకైనా పరిచయమైన బోరు లారీ. గట్టి రాతి నేలలో వందల అడుగుల లోతుకు తవ్వే ఈ యంత్రంలో రోటరీ హెడ్ మాస్టు వెంట పైకీ కిందికీ జారుతుంది. రాడ్డు 20 అడుగులు కనుక హెడ్ ప్రయాణం 6 మీటర్లకు పైబడి ఉంటుంది. దానితో పాటు హైడ్రాలిక్ గొట్టాలు, గాలి గొట్టం ప్రయాణించాలి. కొన్ని లారీలలో అవి ఉచ్చులాగా స్వేచ్ఛగా వేలాడుతూ మాస్టు అంచులకు రాచుకుంటాయి. మరికొన్నింటిలో ఒక గొలుసులో ఒదిగి, ఒకే దారిలో వంగుతూ విప్పారుతూ ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపి చూపితే విద్యార్థికి వేరే పాఠం అక్కరలేదు.

మూడవది కుప్పం గ్రానైట్ పరిశ్రమ. కుప్పం గ్రీన్ అనే పేరుతో ఆ రాయి వ్యాపారంలో ప్రసిద్ధం. రాతిపలకను కోసే, మెరుగు పెట్టే యంత్రాలలో పలక మీదుగా కదిలే తల భాగానికి విద్యుత్తూ నీరూ రెండూ అందాలి. క్వారీలో డైమండ్ వైర్‌సా యంత్రం కోత సాగిన కొద్దీ పట్టాలపై వెనుకకు జరుగుతుంది. దాని కేబులు రాతిపొడి, బురద కలిసిన నేలపై వెంట వస్తుంది. నీరు, రాతిపొడి, నిరంతర చలనం: ఈ మూడింటినీ ఒకేసారి తట్టుకునే మార్గం గురించి ఆ పరిశ్రమలోని ఫిట్టర్లకు తెలిసినంత మన వ్యవసాయ యంత్ర రంగంలో చాలామందికి తెలియదు. ఇది పక్క ఊరిలోనే ఉన్న జ్ఞానం.

ఈ లెక్క మన నేలకు కొత్తది కాదు. రాయలసీమ బావుల మీద కపిల తోలిన రోజులలో తోలుబానకు ఒక మోకు, దాని తొండానికి వేరొక సన్నని తాడు ఉండేవి. బాన పైకి వచ్చేంతవరకు తొండం మూతి మడిచినట్లే ఉండాలి. గట్టుకు చేరగానే అది కాలువలోకి తెరుచుకోవాలి. అందుకు రెండు తాళ్ళ పొడవులు ఒకదానికొకటి కుదరాలి. ఎద్దులు దిగే బాట పొడవు బావి లోతుకు సరిపోవాలి. ప్రయాణ దూరం, తాడు పొడవు, కట్టే చోటు అన్నవి కలిపి చూడవలసిన విషయాలని కపిల కట్టినవారు ఎరుగుదురు. యంత్రం మారింది కాని ప్రశ్నలు మారలేదు.

డ్రాగ్ చైన్ చేసే పని

మన వర్క్‌షాపులలో డ్రాగ్ చైన్ అని పిలిచే ఈ సాధనం 1950వ దశకంలో పశ్చిమ జర్మనీ యంత్ర పరిశ్రమలో రూపుదిద్దుకున్నది. మొదట ఉక్కుతోను, తరువాత ప్లాస్టిక్‌తోను తయారైంది. కీళ్ళతో కలిపిన పెట్టెల వరుసగా దీనిని ఊహించవచ్చు. ఒక కొనను యంత్రపు స్థిర భాగానికి, రెండవ కొనను కదిలే భాగానికి బిగిస్తారు. ప్రతి లింకూ ఒక దిశలో నిర్ణీత కోణం వరకు మాత్రమే తిరుగుతుంది. అందువలన గొలుసు మొత్తం ఒక నిర్ణీత వ్యాసార్ధంలో మాత్రమే వంగుతుంది. లోపల ఉన్న కేబుళ్ళూ గొట్టాలూ అంతకన్నా బిగువుగా వంగడానికి వీలుండదు. గొలుసు చేసే అసలు పని ఇదే. దుమ్ము నుండి, రాపిడి నుండి రక్షణ అన్నది అదనపు ప్రయోజనం.

గొలుసు లేని చోట జరిగే నష్టం పైకి వెంటనే కనిపించదు. కేబులు ఎప్పుడూ బిగింపు పక్కన ఒకే చోట వంగుతుంది. పైతొడుగు బాగానే ఉంటుంది. లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. మోటారు ఒకసారి తిరుగుతుంది, ఒకసారి ఆగుతుంది. స్టార్టరునూ, మోటారునూ విప్పి చూసిన తరువాత గాని కేబులు మీదికి అనుమానం పోదు. గొట్టమైతే నలిగిన చోట ప్రవాహం తగ్గి, బూమ్ చివరి నాజిళ్ళకు నీరు చాలదు. నారు ఎదుగుదలలో తేడాను ఎరువు లోపంగానో తెగులుగానో భావించే అవకాశం ఉన్నది. తడి నేలపై మనుషులు తిరిగే నర్సరీలో కేబులు తొడుగు రాసుకుపోవడం ప్రాణాపాయం కూడా. ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయమని తోసిపుచ్చలేకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్నలు

తయారీదారు కేటలాగు తెరవడానికి ముందే ఆరు ప్రశ్నలకు కాగితం మీద సమాధానాలు ఉండాలి.

మొదటిది, లోపల ఏమేమి ఉంటాయి? ప్రతి కేబులు, ప్రతి గొట్టం బయటి వ్యాసం, మీటరుకు బరువు వ్రాసుకోవాలి. గొట్టం బరువును నీరు లేదా నూనె నిండిన స్థితిలో తీసుకోవాలి. సాధారణంగా అనుసరించే నియమం ప్రకారం కేబులుకు దాని వ్యాసంపై 10 శాతం, పీడనంతో ఉబ్బే గొట్టానికి 20 శాతం అదనపు చోటు వదలాలి. ఇవి లోపల స్వేచ్ఛగా జారాలి. గొలుసు వాటిని లాగకూడదు.

రెండవది, అమరిక ఎట్లా? గొట్టాన్నీ కేబులునూ ఒకే అరలో పెట్టకూడదు. మధ్య అడ్డుపలక ఉండాలి. ఒకదానిపై మరొకటి పేర్చకూడదు. బరువులు గొలుసు వెడల్పులో ఇరువైపులకు సమంగా పంచాలి, లేకపోతే గొలుసు పక్కకు వాలుతుంది. అడ్డుపట్టీలను విప్పి తెరవడానికి వీలైన రకాన్ని ఎంచుకుంటే ఒక్క గొట్టం పాడైనపుడు ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.

మూడవది, వంపు వ్యాసార్ధం ఎంత? లోపలి వాటిలో ప్రతిదానికీ ఒక కనిష్ఠ వంపు వ్యాసార్ధం ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా పెద్దదానిని, లేదా అంతకు మించినదానిని గొలుసుకు తీసుకోవాలి. నిరంతరం వంగే కేబులుకు వ్యాసానికి 10 రెట్లు అన్నది మొదటి అంచనాకు సురక్షితమైన సంఖ్య. గొట్టానికి తయారీదారు ఇచ్చిన విలువను తప్పక చూడాలి. లోపలి ఎత్తు సరిపోయిందని గొలుసు కొని, వ్యాసార్ధం సంగతి విస్మరించడం తరచుగా జరిగే పొరపాటు. వంపు ఆక్రమించే ఎత్తు వ్యాసార్ధానికి రెండింతలు, దానిపై గొలుసు మందం, కొంత ఖాళీ. అంత చోటు యంత్రంలో ఉన్నదో లేదో ముందే చూడాలి.

నాలుగవది, పొడవు ఎంత, స్థిర కొన ఎక్కడ? స్థిర కొనను ప్రయాణ దూరానికి సరిగ్గా మధ్యలో బిగిస్తే గొలుసు పొడవు = ప్రయాణ దూరంలో సగం + వంపుకు కావలసిన పొడవు. వంపు పొడవు అంటే వ్యాసార్ధాన్ని 3.14తో గుణించి, రెండు పిచ్‌లు కలిపినది. ఒక కీలు నుండి తరువాతి కీలు వరకు ఉన్న దూరమే పిచ్. స్థిర కొన మధ్య నుండి ఎంత పక్కకు జరిగితే అంత పొడవు అదనంగా కలపాలి.

ఐదవది, ఆధారం ఏమిటి? వంపుకు పైనున్న వరుస గాలిలో ఎంతవరకు వంగిపోకుండా నిలుస్తుందన్నది గొలుసు పరిమాణంపై, లోపలి బరువుపై ఆధారపడి ఉంటుంది. కేటలాగులో దీనికి రేఖాపటం ఇస్తారు. ఆ హద్దు దాటితే పై వరుస కింది వరుసపై జారేటట్లు తొట్టివంటి దారి అమర్చాలి, లేదా రోలర్లతో మోయించాలి. బోరు లారీ మాస్టు వంటి నిలువు చలనంలో ఈ సమస్య వేరు. అక్కడ గొలుసు పక్కలకు ఊగకుండా దారి కట్టాలి. గొట్టాల బరువు కొనల బిగింపులపై పడుతుంది కనుక బిగింపులు గట్టిగా ఉండాలి.

ఆరవది, పరిసరాలు ఏమిటి? ఎండ, ఎరువు కలిపిన నీరు, రాతిపొడి, ఉప్పుపేరుకునే బోరునీరు, ఎలుకలు. ఎండను తట్టుకునే రకం కాని ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఉక్కు గొలుసు బరువును మోస్తుంది కాని ఎరువునీటికి తుప్పు పడుతుంది. మూసి ఉన్న గొలుసు పొడిని ఆపుతుంది కాని లోపల చేరిన బురదను బయటకు పోనివ్వదు. ఏ పదార్థమూ అన్ని చోట్లకూ ఉత్తమం కాదు.

హైడ్రాలిక్ గొట్టాల విషయంలో మరొక జాగ్రత్త కావాలి. పీడనం ఎక్కినపుడు గొట్టం పొడవు మారుతుంది. గొట్టాల ప్రమాణాలు సాధారణంగా 2 శాతం పెరుగుదల, 4 శాతం తగ్గుదల వరకు అనుమతిస్తాయి. అంటే 4 మీటర్ల గొట్టం 160 మిల్లీమీటర్ల వరకు కురచ కావచ్చు. వంపులో ఆ మేరకు వదులు లేకపోతే గొట్టం గొలుసు లోపలి గోడకు బిగుసుకుని ఫిట్టింగు దగ్గర చిరుగుతుంది. కేబులును చుట్ట నుండి తీసేటప్పుడు చుట్టను దొర్లిస్తూ విప్పాలి. పక్క నుండి ఉంగరాలుగా లాగితే అందులో మెలి నిలిచిపోతుంది. కొంతకాలానికి ఆ కేబులు గొలుసు లోపల పాములాగా మెలికలు తిరుగుతుంది.

ఒక నర్సరీకి లెక్క

పై ప్రశ్నలు ఎట్లా ఉపయోగపడతాయో చూపడానికి ఊహించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. షేడ్‌నెట్ గృహం పొడవు 40 మీటర్లు, బూమ్ ప్రయాణం 36 మీటర్లు. నీటి గొట్టం లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లు. మోటారు కేబులు 13, నియంత్రణ కేబులు 10 మిల్లీమీటర్లు.

లోపలి ఎత్తును నిర్ణయించేది గొట్టం. 32పై 20 శాతం కలిపితే 38.4 కనుక 39 మిల్లీమీటర్లకు తక్కువ కారాదు. వెడల్పుకు గొట్టానికి 38.4, కేబుళ్ళకు 14.3, 11, నాలుగేసి మిల్లీమీటర్ల అడ్డుపలకలు రెండింటికి 8 కలిపితే 71.7. అంటే కనీసం 72 మిల్లీమీటర్లు. కేటలాగులో దానికి పైనున్న పరిమాణం ఎంచుకోవాలి. 13 మిల్లీమీటర్ల కేబులుకు 10 రెట్ల లెక్కన 130 మిల్లీమీటర్ల వ్యాసార్ధం చాలు. గొట్టం తయారీదారు 175 అడిగాడనుకుంటే దానికి పైనున్న 200 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల గొలుసు తీసుకోవాలి. ఇక్కడ నిర్ణయం గొట్టానిదే, కేబులుది కాదు.

పిచ్ 65 మిల్లీమీటర్లు అనుకుంటే వంపు పొడవు 0.628 + 0.13, అంటే సుమారు 0.76 మీటర్లు. స్థిర కొనను గృహం మధ్యలో బిగిస్తే గొలుసు పొడవు 18 + 0.76 = 18.76 మీటర్లు, అంటే 289 లింకులు. నీటి గొట్టం గృహం మొదట్లో ఉన్నది కదా అని స్థిర కొనను అక్కడే బిగిస్తే పొడవు 36.76 మీటర్లు, 566 లింకులు అవుతుంది. నీటి గొట్టాన్ని నేలలో 18 మీటర్ల దూరం పాతిపెడితే 277 లింకులు ఆదా అవుతాయి. పాతిన పైపు కదలదు, అరగదు. స్థిర కొన ఎక్కడ ఉండాలన్న ఒక్క నిర్ణయం ఖర్చును ఎంతగా మారుస్తుందో ఇది చూపుతుంది.

ఇక బరువు. 25 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు 0.49 కిలోల నీరు పడుతుంది. గొట్టం సుమారు 0.4, కేబుళ్ళు రెండూ కలిపి సుమారు 0.4 కిలోలు. మొత్తం మీటరుకు 1.3 కిలోలు. గొలుసు మీటరుకు 1.5 కిలోలు అనుకుంటే 2.8. పై వరుస గరిష్ఠంగా 18 మీటర్లు కనుక 50 కిలోలు. ఇంత పొడవు, ఇంత బరువు ఆధారం లేకుండా నిలవడం అసాధ్యం. జారే దారి తప్పనిసరి. కింది వరుస లేని సగభాగంలో కూడా అదే ఎత్తులో ఆధారపట్టీ వేయాలి. జారుడులో ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే గొలుసును లాగడానికే 15 కిలోల బలం, అంటే సుమారు 150 న్యూటన్లు కావాలి. బూమ్ మోటారు ఎంపికలో ఈ బలాన్ని లెక్కించకపోతే చక్రాలు తడి పట్టాలపై జారుతాయి. జారే అమరికలో చర కొన ఎత్తు తగ్గించి కొన్ని లింకులు అదనంగా కలపమని తయారీదారులు కోరుతారు. తుది సంఖ్యను వారి పట్టికతో సరిచూసుకోవాలి.

గొలుసే కావాలా?

ఈ లెక్క చూసిన ఏ అనుభవజ్ఞుడైనా వెంటనే అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. రోజుకు నాలుగైదు సార్లు నెమ్మదిగా నడిచే బూమ్‌కు ఇంత గొలుసు అవసరమా? రోజుకు నాలుగు రాకపోకలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 1,200 రాకపోకలు. లక్షల చక్రాలు తిరిగే కార్ఖానా యంత్రంతో దీనికి పోలిక లేదు. ఈ అభ్యంతరం న్యాయమైనది. దీర్ఘ ప్రయాణం, తక్కువ వేగం ఉన్న చోట తీగపై చిన్న కప్పీ బండ్లు నడిపి, గొట్టాన్నీ కేబులునూ ఉచ్చులుగా వేలాడదీయడం చౌకైన పద్ధతి. చాలా చోట్ల అదే సరైనది. బ్యాటరీతో నడిచే బూమ్ అయితే కేబులే అవసరం లేదు. నీటి గొట్టం ఒక్కటే మిగులుతుంది. విద్యుత్ ప్రమాదమూ తగ్గుతుంది.

అయితే వేలాడే పద్ధతికి మారినంత మాత్రాన లెక్క తప్పదు. అదే 36 మీటర్ల ప్రయాణానికి 10 శాతం అదనంతో సుమారు 40 మీటర్ల గొట్టం కావాలి. ఉచ్చు లోతు 1 మీటరు అయితే ఒక్కొక్క ఉచ్చులో 2 మీటర్ల గొట్టం, మొత్తం 20 ఉచ్చులు. గొట్టం 175 మిల్లీమీటర్లకన్నా బిగువుగా వంగరాదు కనుక ప్రతి బండి జీను వెడల్పు 0.35 మీటర్లు ఉండాలి. 20 బండ్లు ఒకచోట చేరితే 7 మీటర్లు. గృహంలో మిగిలిన చోటు 4 మీటర్లే! చివరి ట్రేలకు బూమ్ చేరదు. లోతు 1.8 మీటర్లకు పెంచితే 12 బండ్లు, 4.2 మీటర్లు. అప్పటికీ కొంచెం చాలదు. తీగను గృహం వెలుపలికి పొడిగించాలి, లేదా ఉచ్చులు నారుకు తగలకుండా తీగను ఎత్తులో కట్టాలి. ఈ సంగతి అమర్చిన తరువాత తెలిస్తే రైతు చేసేది ఒక్కటే. చిన్న జీనులు వాడి గొట్టాన్ని బిగువుగా వంచుతాడు. ఆరు నెలలకో ఏడాదికో అది అక్కడే చిరుగుతుంది.

అందుచేత డ్రాగ్ చైన్‌ను ప్రతి యంత్రానికీ తగిలించాలని నా వాదన కాదు. ప్రయాణం చిన్నది, చలనం తరచైనది, పరిసరం రాతిపొడితోనో బురదతోనో నిండినది అయితే గొలుసు తగినది. గ్రానైట్ యంత్రాలు, బోరు లారీ మాస్టు ఈ కోవకు వస్తాయి. ట్రేలలో విత్తనాలు నాటే యంత్రం తల కూడా ఇదే కోవలోనిది. ప్రయాణం దీర్ఘమై, చలనం నెమ్మదిగా ఉంటే వేలాడే ఉచ్చులు తగినవి. రెండింటిలో దేనినైనా ప్రయాణ దూరం, బరువు, వంపు వ్యాసార్ధం, బిగింపు స్థానం అనే నాలుగు సంఖ్యలు వ్రాసిన తరువాతనే ఎంచుకోవాలి.

గ్రామీణ మెకానిక్ ఇంతకాలం లెక్క లేకుండానే నడిపించాడు కదా అనే వాదన కూడా వినవస్తుంది. నిజమే. అతని చేతికి తెలిసినది చాలా ఉన్నది. ఎక్కడ రాసుకుంటుందో అతడు మనకన్నా ముందే చూస్తాడు. కాని అతడు తనకు తెలిసిన ఒక యంత్రాన్ని బాగు చేస్తాడు. మనం సిఫారసు చేసేది ఇంకా అమర్చని వంద యంత్రాలకు. అనుభవాన్ని సంఖ్యలుగా మార్చి ఇతరులకు అందించడమే పరిశోధనా సంస్థ పని.

విస్తరణ వ్యవస్థ చేయగలిగినవి

ఇందుకు కొత్త పథకమూ, కొత్త నిధులూ అక్కరలేదు. కుప్పం ప్రాంతంలో 1990వ దశకంలో ఇజ్రాయెల్ సాంకేతికతతో సూక్ష్మసేద్య ప్రదర్శన జరిగినపుడు, 2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం ప్రారంభమైనపుడు మన రైతులకు లేటరల్, సబ్‌మెయిన్, వెంచురీ అన్న మాటలు కొత్తవి. ఇప్పుడు అవి పొలం గట్టున వినిపించే మాటలు. పొలం కొలిచి, గీత గీసి, ఆ తరువాత పైపు వేయాలనే పద్ధతి ఆ పథకాలతో పాటు అలవాటైంది. వంపు వ్యాసార్ధం అన్న మాట అంతకన్నా కష్టమైనది కాదు. దానిని ఒక పైపు ముక్కతో, ఒక ఇడ్లీ గిన్నె అంచుతో చూపవచ్చు.

మొదట, కదిలే భాగం ఉన్న ఏ యంత్రాన్ని ప్రదర్శించినా దానితో పాటు ఒక పేజీ పత్రం ఉండాలి. పైన చెప్పిన నాలుగు సంఖ్యలు, గొట్టం, కేబుళ్ళ పరిమాణాలు, మార్చవలసిన గడువు అందులో ఉండాలి. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం మదనపల్లె నర్సరీలకు దగ్గరగా ఉన్నది. ఒకటి రెండు నర్సరీలలో ఈ పత్రాన్ని వాడి చూసి, ఏ ప్రశ్న రైతుకు అర్థం కాలేదో గుర్తించి సవరించడానికి అది అనువైన చోటు.

రెండవది, బాపట్ల, మడకశిర వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు యంత్రశక్తి ప్రయోగాలలో దీనిని ఒక అభ్యాసంగా చేర్చవచ్చు. ఒక గొట్టాన్ని రెండు భిన్న వ్యాసార్ధాలలో వేలసార్లు వంచి, ప్రవాహంలో తగ్గుదలను, తొడుగు అరుగుదలను కొలిచే పరికరాన్ని విద్యార్థులే నిర్మించుకోగలరు. మన ఎండలో, మన బోరునీటిలో మన గొట్టాలు ఎంతకాలం మన్నుతాయో విదేశీ కేటలాగు చెప్పదు. ఆ సమాచారం మనమే సంపాదించాలి. అది ఈ పత్రికలో ప్రచురించదగిన పరిశోధన.

మూడవది, గార్లదిన్నె శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల కదిలే యంత్రాలను పరీక్షించేటప్పుడు గొట్టం వెళ్ళే దారినీ, కనిష్ఠ వంపునూ, పరీక్షా కాలంలో మార్చిన గొట్టాల సంఖ్యనూ నివేదికలో ప్రత్యేకంగా నమోదు చేస్తే కొనుగోలుదారుకు మేలు జరుగుతుంది.

నాలుగవది, కుప్పం గ్రానైట్ యూనిట్ల ఫిట్టర్లను, బోరు లారీ మెకానిక్‌లను శిక్షణా తరగతులకు బోధకులుగా పిలవాలి. శాస్త్రవేత్త లెక్క చెబుతాడు. వారు చిరిగిన గొట్టాన్ని తెచ్చి, చిరిగిన చోటును చూపి కారణం చెబుతారు. మదనపల్లెలోనూ, కుప్పంలోనూ ఉన్న ఇంజనీరింగ్ కళాశాలలను కూడా ఇందులో భాగస్వాములను చేయవచ్చు.

చివరిగా భద్రత. తడి నేలపై కదిలే ప్రతి విద్యుత్ యంత్రానికి భూమి తీగ, లీకేజీని గుర్తించి విద్యుత్తును తెంచే 30 మిల్లీఆంపియర్ల రక్షణ స్విచ్, వీలైన చోట 24 వోల్టుల నియంత్రణ వలయం ఉండాలి. వీటిని సిఫారసులో ఐచ్ఛికం అని కాక తప్పనిసరి అని వ్రాయాలి.

ఒక యంత్రం రైతుకు పనికివచ్చిందా లేదా అన్నది ప్రదర్శన దినాన తేలదు. రెండవ ఎండకాలంలో, నారు గిరాకీ పెరిగిన వారంలో, అది నడుస్తున్నదా లేదా అన్నదానిపై తేలుతుంది. ఆ వారంలో యంత్రాన్ని ఆపేది చాలాసార్లు మోటారూ కాదు, పంపూ కాదు. వాటి మధ్య రోజూ వంగి లేచే ఒక మీటరు గొట్టం. రాబోయే సిఫారసులలో ఆ మీటరుకు కూడా ఒక వరుస కేటాయించడం మన బాధ్యత.